నూజివీడు మన దగ్గరికి రాదు

అందరికీ నమస్కారం. ఎండాకాలం సాయంత్రం, అందులోనూ ఆదివారం, ఇంతమంది వచ్చారంటే అది నా ప్రసంగం కోసం కాదని నాకు తెలుసు. కరపత్రం మీద మామిడిపండు బొమ్మ వేశారు. నిర్వాహకుల తెలివికి ముందుగా అభినందనలు. పండ్లు మాత్రం నేను తేలేదు. ఎందుకు తేలేదో చెప్పడమే ఈ రోజు నా పనిలో సగం.

నూజివీడు చూడటానికి వెళ్తున్నానని ఎవరితోనైనా అనండి, వెంటనే "అక్కడ చూడటానికి ఏముంది?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. సముద్రం లేదు, జలపాతం లేదు, టిక్కెట్టు పెట్టి గైడుతో తిప్పి చూపించే కోట లేదు. ఫొటోలు తీసుకోవడానికి పెద్ద పెద్ద అక్షరాలతో ఊరిపేరు కట్టిన కూడళ్లు ఈమధ్య ప్రతిచోటా వెలుస్తున్నాయి, వాటి కోసం అయితే అంతదూరం పోనక్కర్లేదు. ఆ ఊరికి పేరు తెచ్చినవి రెండు. ఒకటి చిన్న రసాలు, రెండోది వీణలు. పండుకూ వాద్యానికీ ఏమిటి సంబంధం అంటే, రెండూ ఊరు దాటి మన గుమ్మం దాకా సరిగ్గా రావు. ఆ పండు ప్రయాణానికి ఆగదు. ఆ వాద్యం, వాయించే మనిషి ఎదురుగా లేకపోతే పూర్తికాదు. మిగతా సరుకులన్నీ ఇంటికి తెప్పించుకునే కాలంలో, మనమే కదిలి వెళ్లక తప్పని ఊరు ఇది. నా ప్రసంగమంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందు దారి సంగతి చెప్పేస్తాను. విజయవాడ నుంచి సుమారు 45 కిలోమీటర్లు. హనుమాన్ జంక్షన్ నుంచి అయితే దాదాపు 20. రైల్లో వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. నూజివీడు అనే పేరుతో రైల్వే స్టేషను ఉంది గానీ ఊరు అక్కడ లేదు. ఆ స్టేషను ఉన్నది హనుమాన్ జంక్షన్ దగ్గర. బోర్డు చూసి ఆనందంగా సంచులు దించుకున్నవాళ్లు, బయటికి వచ్చాక మళ్లీ బస్సో ఆటోనో వెతుక్కుంటారు. (నవ్వులు) నిన్న మొన్నటి దాకా కృష్ణా జిల్లా అనేవాళ్లం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడగొట్టినప్పుడు ఏలూరు జిల్లాలో కలిపారు. మామిడి వ్యాపారులకు మాత్రం ఏ జిల్లా అయినా ఒకటే, వాళ్లకు ఇప్పటికీ అది నూజివీడు ప్రాంతమే. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెం, విస్సన్నపేట, ఇవన్నీ ఆ మాటలో భాగమే.

జంక్షన్ దగ్గర జాతీయ రహదారి వదిలి లోపలికి తిరిగితే, కాసేపటికి నేల రంగు మారుతుంది. కిటికీ పక్కన కూర్చుంటే తప్పకుండా కనిపిస్తుంది. నల్లరేగడి, వరిచేలు, కాలువగట్లు వెనకబడతాయి. ఎర్రనేల మొదలవుతుంది. నేల కొద్దిగా ఎత్తుకు లేస్తుంది. కృష్ణా డెల్టా కాలువలు ఎక్కని మెట్ట అది. వరికి ఆ మెట్ట ఒక లోటు, మామిడికి అదే వరం. మామిడిచెట్టు పూత పూయాలంటే అంతకుముందు కొన్నాళ్లు నేల ఎండాలి, రాత్రిళ్లు చలి తగలాలి. ఆ సమయంలో నీళ్లు ఎక్కువైతే చెట్టు పూత మాని కొత్త చిగుళ్లు వేస్తుంది. చెట్టు పచ్చగా, నిండుగా, చూడముచ్చటగా ఉంటుంది. రైతు మాత్రం దాన్ని చూసి తల పట్టుకుంటాడు. డెల్టాలో దిగుబడి నీటి మీద ఆధారపడితే ఇక్కడ నీరు ఎప్పుడు ఆపాలన్న దాని మీద ఆధారపడుతుంది.

ఇక చరిత్ర. దీన్ని ఎక్కువసేపు సాగదీయను. రాజుల వంశావళి చదివితే సభలో సగం మంది లేచిపోతారు. కానీ కొంచెం చెప్పకపోతే వీణ సంగతి అర్థం కాదు.

నూజివీడు జమీందారులు మేకా వంశస్థులు, పేర్ల చివర అప్పారావు అని ఉంటుంది. 1766లో సర్కారు జిల్లాలు నిజాం చేతి నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. కొత్త దొరలతో ఈ జమీందారులకు పేచీలు వచ్చాయి, పేష్కషు, అంటే వాళ్లకు కట్టాల్సిన కప్పం, బకాయిలు పడ్డాయి, ఎస్టేటు చేజారింది. కట్టాల్సిన శిస్తును శాశ్వతంగా ఖరారు చేసిన 1802 శాశ్వత బందోబస్తు నాటికి అది నూజివీడు, నిడదవోలు అనే రెండు పరగణాలుగా అన్నదమ్ములకు తిరిగి దక్కింది. తర్వాతి తరాల్లో నూజివీడు వాటా మీద మళ్లీ అన్నదమ్ముల దావా. ఎస్టేటును పంచుకోవచ్చా, పెద్దకొడుకుకే దక్కాలా అన్నది ప్రశ్న. అది ఆ రోజుల్లో ఆఖరి అప్పీలు వినే లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. కంపెనీ ఒకసారి స్వాధీనం చేసుకుని మళ్లీ ఇచ్చిన ఎస్టేటు కాబట్టి పంచుకోవచ్చని తేలింది. ఒక సంస్థానం కాస్తా ముక్కలైంది. ఉయ్యూరు, మీర్జాపురం, తేలప్రోలు అని మనం వినే జమీందారీలు ఆ చెట్టు కొమ్మలే.

వకీళ్లకు తప్ప ఈ పంపకాల వల్ల ఎవరికి లాభం అని అడగవచ్చు. కళలకు కొంత లాభం కలిగిందని నా నమ్మకం. ఒక దర్బారు ఉండాల్సిన చోట అరడజను దర్బార్లు. ప్రతి దర్బారుకూ ఓ సంగీత విద్వాంసుడు, ఓ కవి, ఓ గుడి ఉత్సవం, పక్కవాడి కంటే మనం తగ్గకూడదన్న పంతం. మీర్జాపురం రాజావారినే చూడండి. మద్రాసు వెళ్లి శోభనాచల అనే పేరుతో సినిమా స్టూడియో నడిపారు. ఆయన భార్య సి. కృష్ణవేణి నటి, గాయని, నిర్మాత. ఆమె నిర్మించిన 1949 నాటి చిత్రంతోనే ఎన్.టి. రామారావు మొదటిసారి తెరమీద కనిపించారు. ఆ స్టూడియో పేరు ఎక్కడిదో ఆగిరిపల్లి వెళ్లినవాళ్లకు తెలుస్తుంది. అక్కడి కొండ మీద కొలువైన స్వామి శోభనాచలపతి, నూజివీడు ప్రభువుల ఇలవేల్పు. మద్రాసులో ఆర్కు దీపాల వెలుగులో ఒక వెలుగు వెలిగిన పేరు ఈ ఎర్రమట్టి కొండది!

1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది. జమీందారీలు పోయాయి. పోవాల్సినవే, అందులో నాకేమీ విచారం లేదు. రైతు శిస్తు కట్టలేక పడ్డ బాధలు చదివినవారెవరూ ఆ రోజుల్ని తలుచుకుని నిట్టూర్చరు. అయితే వీణ చేసే వడ్రంగికి మాత్రం ఒక్కసారిగా యజమాని మాయమయ్యాడు. అప్పటి నుంచి అతను ఎవరి కోసం చేస్తున్నాడు? ఈ ప్రశ్న దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు తోటలోకి వెళ్దాం, ఎండ దిగుతోంది.

మామిడి అనగానే మనందరికీ మే నెల గుర్తుకొస్తుంది. నన్నడిగితే నూజివీడు వెళ్లాల్సిన మొదటి కాలం మే కాదు, మాఘమాసం. జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో. రథసప్తమి వేళ ఆగిరిపల్లిలో స్వామి ఉత్సవం జరుగుతుంది, దారికి రెండువైపులా తోటలు పూతతో ఉంటాయి. పూత వాసన తీపిగా ఉంటుందనుకుంటారు చాలామంది. తీపే, కానీ దాని వెనక ఒక పచ్చి వగరు ఉంటుంది. పొద్దున మంచులో ఒక తీరు, పదకొండు గంటల ఎండలో మరో తీరు. ఆ రోజుల్లో తోట యజమాని ముఖం చూస్తే ఆ ఏడు కాపు ఎలా ఉంటుందో చెప్పవచ్చు. ఒక చెట్టుకు వేలకొద్దీ పూలు. అందులో పిందె కట్టేవి కొద్ది, ఆ పిందెల్లో కాయదాకా నిలిచేవి మరీ కొద్ది. పూతలో చాలా భాగం మగపూలే, వాటికి కాయ కట్టే యోగమే లేదు. కట్టిన పిందెల్లోనూ చెట్టు మోయగలిగినంత ఉంచుకుని మిగతావి తనంతట తానే రాల్చేస్తుంది.

రాలనివాటి మీద పురుగు కన్ను పడుతుంది. తేనెమంచు పురుగు అని ఒకటి ఉంది, గోధుమగింజంత కూడా ఉండదు. పూతకాడల రసం పీల్చి, తీపి జిగురు విసర్జిస్తుంది. తోటలోకి అడుగుపెట్టగానే ఆకులు నూనె రాసినట్టు నిగనిగలాడుతుంటే అది చెట్టు ఆరోగ్యం అనుకుని మనం మురిసిపోతాం. అది పురుగు చేసిన పని. ఆ జిగురు మీద తర్వాత మసి తెగులు పడుతుంది, ఆకులు పొయ్యిలోంచి తీసినట్టు నల్లబడతాయి. బూడిద తెగులు వేరే. కొన్నేళ్లుగా తామర పురుగుల బెడద కూడా పెరిగిందని రైతులు వాపోతున్నారు. పైగా మామిడి, ముఖ్యంగా బంగినపల్లి, ఏడాది విడిచి ఏడాది కాస్తుంది. ఒక ఏడు విరగకాసి, మరుసటి ఏడు విశ్రాంతి తీసుకుంటుంది. ఇన్నీ దాటాక ఏప్రిల్, మే నెలల్లో ఒక సాయంత్రం ఈదురుగాలి వస్తుంది. తెల్లారేసరికి చెట్టు కింద కాయలు పరుచుకుని ఉంటాయి. రాలినవాటికి పచ్చడి ధర కూడా సరిగ్గా పలకదు.

అందుకే చాలామంది రైతులు పూత మీద ఉండగానే తోటను గుత్తకు ఇచ్చేస్తారు. పూత చూసి కాపు ఎంతో అంచనా కట్టి వ్యాపారి డబ్బు మాట్లాడతాడు. అక్కడి నుంచి మందులు, కాపలా, కోత, గాలివాన, అన్నీ అతని నెత్తినే. ఎవరు గెలుస్తారో ముందుగా ఎవరికీ తెలియదు. చెట్టు రైతుది, పంట వ్యాపారిది, జూదం మాత్రం ఇద్దరిదీ. మీరు మే నెలలో తోటకు వెళ్లి "అయ్యా, రెండు కాయలు కోసుకోవచ్చా?" అని అడిగితే, ఎదురుగా ఉన్న మనిషి ఇబ్బందిగా నవ్వుతాడు. అది పిసినారితనం అనుకోకండి. ఆ సమయానికి ఆ కాయ అతనిది కాదు.

కోత చూడదగ్గది. పొద్దున చల్లగా ఉండగానే మొదలుపెడతారు. పొడవాటి గెడ, దాని చివర చిక్కం, దానికో కత్తి. కాయ పక్వానికి వచ్చిందో లేదో ముచ్చిక దగ్గర చూస్తారు. ముచ్చికకు రెండువైపులా భుజాలు లేచి, నడుమ చిన్న గుంట పడితే కోతకు వచ్చినట్టు. అనుమానంగా ఉంటే నీళ్లలో వేసి చూడండి, ముదిరిన కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. కోసేటప్పుడు కాస్త తొడిమ ఉంచి కోస్తారు. తొడిమ ఊడిపోతే సొన చిమ్ముతుంది. ఆ సొన చర్మం మీద పడితే పుండు, కాయ మీద పడితే మచ్చ. కోసిన కాయలను తొడిమ కత్తిరించి బోర్లించి, సొనంతా కారిపోయేదాకా ఉంచుతారు. బజారులో నల్లచారలున్న పండు చూసి కుళ్లిందేమో అనుకుంటాం. చాలాసార్లు అది తొందరపడి కోసినవాడి సంతకం. మంచి ధర కోసం బంగినపల్లి కాయలకు చెట్టు మీదే కాగితపు సంచులు తొడిగే పద్ధతి కూడా ఈమధ్య పెరిగింది. దూరం నుంచి చూస్తే చెట్టుకు ఉత్తరాలు కాసినట్టుంటుంది.

ఇప్పుడు చిన్న రసం దగ్గరికి వద్దాం. అరచేతిలో ఇమిడిపోయే పండు. రంగులో గొప్పతనం లేదు. బంగినపల్లి పక్కన పెడితే పేదచుట్టంలా ఉంటుంది. కత్తి పెట్టి కోస్తే కంచంలో రసం, చేతిలో టెంక, పీచు మిగులుతాయి. అది కోసుకు తినే పండు కాదు. ముందు చన్నీళ్లలో కాసేపు వేయాలి. తర్వాత రెండు చేతుల మధ్య పెట్టుకుని, బొటనవేళ్లతో మెల్లగా, తొక్క చిట్లకుండా, చుట్టూ పిసకాలి. లోపల టెంక వదులై కదులుతున్నట్టు చేతికి తెలుస్తుంది. అప్పుడు ముచ్చిక తీసి, మొదటి రెండు చుక్కలు పిండి పారేయాలి, సొన అంతా అక్కడే ఉంటుంది. ఆ తర్వాత నోటికి పెట్టుకుంటే మళ్లీ దించడం ఉండదు. మోచేతి దాకా కారుతుంది, కారనివ్వాలి. తెల్లచొక్కాతో తినేవాడికి ఆ పండు తినే అర్హత లేదని నా అభిప్రాయం. (నవ్వులు)

ఆ రసమే దాని కష్టం కూడా. బంగినపల్లి గుజ్జు గట్టిగా ఉంటుంది, తొడిమతో కోసి గడ్డి వేసి పెట్టెల్లో సర్దితే ఢిల్లీ దాకా పోతుంది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కలెక్టరు కాయ, అదే తోతాపురి, ఫ్యాక్టరీకి పోయి గుజ్జుగా మారి విదేశాలకు వెళ్తుంది. చిన్న రసం పండాక మెత్తబడిపోతుంది, లారీలో పై వరుస బరువుకే చితికిపోతుంది. పచ్చిగా పంపుదామంటే ఎక్కడో గిడ్డంగిలో మందుపెట్టి మాగేసిన పండుకు రంగు వస్తుంది గానీ ఆ రుచి రాదు. కార్బైడు పెట్టి మాగేయడం నిషేధం. ఇథిలీన్ వాయువును పది లక్షల వంతుల్లో వంద వంతులకు మించకుండా వాడవచ్చని ఆహార భద్రతా సంస్థ అనుమతిస్తుంది. అది తప్పుడు పని కాదు, కాయలో సహజంగా పుట్టే వాయువే అది. కానీ సరిగ్గా ముదిరిన కాయను వరిగడ్డిలో వేసి, రోజూ పొద్దున చెయ్యి పెట్టి ఏది పండిందో తడిమి తీసుకునే ఇంట్లో దొరికే పండు వేరు. ఆ ఇల్లు నగరంలో లేదు.

దీని ఫలితం ఏమిటంటే, ప్రయాణం చేయగల రకాలే తోటల్లో పెరుగుతున్నాయి. కొత్తగా వేసే అంటు మొక్కల్లో బంగినపల్లి, కలెక్టరుదే పైచేయి. చిన్న రసం, పెద్ద రసం, చెరుకు రసం, పంచదార కలశ, కొత్తపల్లి కొబ్బరి వంటివి గట్టు వెంబడి, బావి దగ్గర, ఇంటివాళ్ల కోసం, ఆడపిల్లలకు పంపడం కోసం మిగిలాయి. కొన్నిచోట్ల మామిడి తీసేసి పామాయిల్ వేశారు. రైతును తప్పుపట్టలేం, పామాయిల్‌కు గాలివాన భయం అంతగా లేదు. నూజివీడులో మామిడి పరిశోధన కేంద్రం ఉంది, ఉద్యాన విశ్వవిద్యాలయానిది. రకాలను కాపాడే పని అలాంటి కేంద్రాలు చేస్తాయి. అయితే తినేవాడు అడగని రకాన్ని ఏ కేంద్రమూ తోటలోకి తిరిగి తేలేదు.

సరే, చేతులు కడుక్కోండి. వీణ ముట్టుకోవాలి.

తెలుగునాట వీణ అనగానే బొబ్బిలి అంటారు. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు ఉంది, ఒకే మానులోంచి తొలిచే ఏకాండి వీణకు ఆ ఊరు ప్రసిద్ధి. నూజివీడు దాని తర్వాత వినిపించే పేరు. రెండూ జమీందారీ ఊళ్లే కావడం యాదృచ్ఛికం కాదు. విజయనగరం, పిఠాపురం దర్బార్లలో వైణికులు వెలిగారు, వాళ్లకు వాద్యం చేసిపెట్టే చేతులు ఈ ఊళ్లలో స్థిరపడ్డాయి. నూజివీడులో ఈ విద్యను తరతరాలుగా నిలబెట్టినవారిలో ఒక ముస్లిం కుటుంబం ఉంది. సరస్వతీదేవి చేతిలోని వాద్యాన్ని వాళ్లు చేస్తారు. ఈ మాట చెబితే బయటివాళ్లు ఆశ్చర్యపోతారు. ఆ ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోరు, వీణ బాగా పలుకుతుందా లేదా అన్నదే వాళ్లకు కావాలి.

వీణకు పనసచెక్క వాడతారు. మరో చెక్కతో చేయకూడదని కాదు. పనస నాదాన్ని మింగదు, పురుగు తొందరగా పట్టదు, ఉలికి లొంగుతుంది. కోసిన కొత్తలో పసుపుపచ్చగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. ముందు చెక్కను ఆరనివ్వాలి. పచ్చిచెక్కతో చేసిన వీణ రెండు వేసవులకు బీటవారుతుంది. ఆరిన దుంగను బాడిసతో చెక్కి కుండ రూపం తెస్తారు. లోపల ఉలితో తొలుస్తారు. గోడ ఎంత మందం ఉండాలన్నది కొలబద్దతో తేలేది కాదు, వేలితో తట్టి చూస్తారు. ఎక్కువ తొలిస్తే ధ్వని డొల్లగా ఉంటుంది, తక్కువ తొలిస్తే మూగగా ఉంటుంది. కుండ మీద పలక, కుండ నుంచి దండి, దండి చివర కిందికి వంగిన యాళి ముఖం, అంటే సింహం లాంటి పురాణ జంతువు తల, దాని దగ్గర ఆనుకోవడానికి సొరబుర్ర. ఇప్పుడు సొరబుర్రకు బదులు ఫైబరుది ఎక్కువగా వస్తోంది, పగలదు కాబట్టి. నాలుగు వాయించే తీగలు, పక్కన మూడు తాళం తీగలు. దండి మీద, తీగను వేలితో నొక్కే చోట అడ్డంగా నిలిపే కడ్డీలు, 24 మెట్లు. తంజావూరును ఏలిన రఘునాథ నాయకుడి కాలంలో, అంటే పదిహేడో శతాబ్దపు మొదటి సగంలో, ఈ 24 మెట్ల రూపం స్థిరపడిందని చెబుతారు. ఆయనా తెలుగు కవే కాబట్టి మనకూ కొంత వాటా ఉంది.

చెక్కపని అంతా ఒక ఎత్తు, మేళం కట్టడం, అంటే మెట్లను స్వరాలకు సరిగ్గా కూర్చడం, ఒక ఎత్తు. మెట్లను దండికి మేకులతో కొట్టరు, జిగురుతో అంటించరు. దండి పొడవునా రెండు గట్లుగా మైనం పరుస్తారు, నల్లగా ఉంటుంది, అందులో మసి కలుపుతారు. ఆ మైనం మెత్తగా ఉండగా మెట్టును దాని మీద నిలబెడతారు. తీగ మీటుతారు. చెవి ఒగ్గి వింటారు. మెట్టును గోటితో వెంట్రుకవాసి జరుపుతారు. మళ్లీ మీటుతారు. ఇలా ఒక స్థాయికి 12, రెండు స్థాయిలకు 24. పన్నెండో మెట్టు దగ్గర తీగ సరిగ్గా సగం కావాలి, పై షడ్జం, అంటే పై స్థాయి స, పలకాలి. లెక్క ప్రకారం అయితే మిగతా మెట్ల జాగా కూడా కాగితం మీద గుర్తుపెట్టేయవచ్చు. అలా చేస్తే వీణ అపస్వరం పలుకుతుంది. వేలితో నొక్కినప్పుడు తీగ ఇంకాస్త బిగుస్తుంది, శృతి కొద్దిగా పెరుగుతుంది. ఎంత పెరుగుతుందన్నది తీగ మందాన్ని బట్టి, మెట్టు ఎత్తును బట్టి, వాయించేవారి వేలి బరువును బట్టి ఉంటుంది. పైగా మన సంగీతంలో స్వరాన్ని ఊరికే నొక్కి వదలం, తీగను పక్కకు లాగి గమకం పలికిస్తాం. లాగినప్పుడు తీగ మెట్టు మీద ఎక్కడా తట్టుకోకూడదు, బుసకొట్టకూడదు. అందుకే మేళం కట్టే మనిషి "మీరు ఏ శృతిలో వాయిస్తారు? ఒకసారి కూర్చుని వాయించండి" అంటాడు. వాయించేవారు ఎదురుగా కూర్చుంటారు, అతను వేళ్లను చూస్తాడు. ఈ ఒక్క ముక్క చూడటానికి నూజివీడు వెళ్లినా దండగ కాదు.

కొండపల్లి బొమ్మతో పోల్చి చూడండి, అదీ విజయవాడకు మరోవైపున్న ఊరే. తెల్లపొణికి చెక్క, దూదంత తేలిక. ఏనుగు అంబారీని కాగితంలో చుట్టి సంచిలో వేసుకుంటే అమెరికాకైనా పోతుంది. చేసినవాడికీ కొన్నవాడికీ పరిచయమే అక్కర్లేదు. ఆ బొమ్మను తక్కువ చేయడం లేదు, దానికి ఉండే కష్టాలు దానికున్నాయి, ఆ చెక్క దొరకడమే కష్టమైపోతోంది. వీణ తీరు అది కాదు. అంగట్లో పెట్టి అమ్మిన వీణ గోడకు అలంకారమవుతుంది. చిట్టిబాబు, ఈమని శంకరశాస్త్రి వంటి వైణికుల చేతుల్లో పలికినది, మనిషి చేతికి తగ్గట్టు కట్టిన వీణ.

ఇందాక వదిలిన ప్రశ్న. జమీందారు పోయాక వీణ చేసేవాడికి యజమాని ఎవరు? కొన్నాళ్లు ఆకాశవాణి, సంగీత కళాశాలలు, వాటి విద్యార్థులు. తర్వాత విదేశాల్లో ఉన్న మన పిల్లలు. ఇప్పుడు జ్ఞాపికలు కూడా వచ్చాయి, సన్మానాల్లో ఇచ్చే చిన్న వీణ బొమ్మలు. వాటి వల్ల నాలుగు డబ్బులు వస్తాయి, కాదనను. అయితే జ్ఞాపికకు మేళం కట్టనక్కర్లేదు. పలకని వీణలు చేసే చేతికి పలికే వీణ మీద పట్టు ఎన్నాళ్లుంటుంది? దీనికి నా దగ్గర జవాబు లేదు గానీ, సన్మానం చేయించుకునే పెద్దలు ఆలోచించాలి. నాకూ ఈ వేదిక మీద ఏదో ఇస్తారని తెలిసింది, శాలువా అయితే మంచిది. (నవ్వులు)

వెళ్లేవాళ్లకు రెండు ముక్కలు. తోట, వీణల పని, రెండూ ఒకే పూటలో చుట్టేద్దామనుకోకండి. తోటకు పొద్దున వెళ్లండి, ముందే ఎవరితోనైనా మాట్లాడుకుని వెళ్లండి. పని జరిగే చోటికి వెళ్లినప్పుడు ఫొటోకు ముందు అనుమతి అడగండి, మేళం కట్టే సమయంలో మాట్లాడకండి, అతను వింటున్నాడు. 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చిన తర్వాత ఊరు పెద్దదైంది, భోజనానికి, బసకు ఇబ్బంది లేదు. పాత జమీందారీ భవనాలను బయటి నుంచే చూడండి. లోపలికి వెళ్లాలంటే సంబంధించినవారిని అడగాలి, అవి ప్రదర్శనశాలలు కావు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: కొత్తగా నేర్చుకునే పిల్లకు ఏకాండి వీణే కొనాలా?)

అవసరం లేదమ్మా. ఏకాండికి అతుకు ఉండదు, నాదం ఒకే ధారగా సాగుతుందంటారు, నిజమే. కానీ దానికి పెద్ద మాను కావాలి, ఖరీదూ ఎక్కువ. మంచి పనివాడు అతికిన వీణ నేర్చుకునే పిల్లకు పుష్కలంగా సరిపోతుంది. కొనేముందు గురువుగారిని వెంటబెట్టుకెళ్లండి. పిల్లను కూడా తీసుకెళ్లండి. పాప పొట్టిగా ఉంటే దండి పొడవు గురించి వాళ్లే చెబుతారు.

(మరో శ్రోత: చిన్న రసం మొక్క తెచ్చి మా పెరట్లో వేస్తే ఆ రుచి వస్తుందా?)

టెంక పాతితే తల్లిచెట్టు గుణం వస్తుందన్న పూచీ లేదు, అంటు మొక్కే వేయండి. నీళ్లు నిలవని నేల అయితే కాస్తుంది. మీరు నగరవాసులు, రోజూ ప్రేమగా నీళ్లు పోస్తారు, అదే భయం. కార్తీకం దాటాక పూత కనిపించేదాకా పైపు కట్టేయండి.

(ఇంకో శ్రోత: మా అమ్మగారి వీణ చాలా ఏళ్లుగా మూలన ఉంది. మెట్లు కొన్ని ఊడిపోయాయి. బాగవుతుందా?)

కుండ బీటలు వారకపోతే తప్పకుండా బాగవుతుంది. మైనం కాలంతో పాటు గట్టిపడి పెళుసవుతుంది, ఎండకు జారుతుంది. వాయించే వీణకైనా కొన్నేళ్లకోసారి మేళం తిరిగి కట్టించాల్సిందే. ఊడిన మెట్లు పారేయకుండా వరుస తప్పకుండా ఒక గుడ్డలో కట్టి ఉంచండి, పాత కంచు మెట్లయితే మళ్లీ వాటినే వాడతారు. మైనాన్ని మీరు గీకకండి. కారులో తీసుకెళ్తే ఎండలో అద్దాలు మూసి ఆపకండి, ఉన్న మెట్లు కూడా కదులుతాయి. అమ్మగారు వాయించగలిగితే ఆవిడను తీసుకెళ్లండి. ఈలోపు తీగలు కాస్త వదులు చేయండి, పూర్తిగా విప్పేయకండి. పలక మీద గుర్రాన్ని, అంటే తీగలను మోసే చిన్న వంతెనను, నిలబెట్టి ఉంచేది ఆ తీగల బిగువే.